తోతాపురి సీజన్ అయినాక ఉండేదానికి ఇల్లు: ఏ దీవిలో కొనాల?

మండీ అక్క (చిత్తూరు)

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు, కట్టమంచి. దామలచెరువులో మాకు ముప్పై ఏళ్ళుగా మామిడి మండీ ఉండాది. బేరాలు మా ఆయన చేస్తాడు, లెక్కలు నేను రాస్తాను. ఇప్పుడు ఆయన చెయ్యబోయే బేరం మామిడికాయలది కాదు గాబట్టి మీ ముందర పెడతా ఉండాను.

మా ఆయనకి దీవి పిచ్చి పట్టింది. పోయిన సంవత్సరం మా తమ్ముడి కొడుకు పెండ్లయినాక మాల్దీవులకి పోయి ఫోటోలు పంపినాడు. నీళ్ళ మీద గుడిసె, గుడిసె కింద చేపలు. ఆ రోజు నించి రాత్రి అన్నం తినంగానే ఈయన ఫోన్ పట్టుకోని కూర్చుంటాడు. తెలుగు వీడియోలు అయిపోయి తమిళం, తమిళం అయిపోయి ఏ భాషో కూడా తెలీనివి చూస్తా ఉండాడు. క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో లిస్టు రాసుకున్నాడు: అండమాన్, మాల్దీవులు, శ్రీలంక, బాలి, ఫుకెట్, మారిషస్. ఒక్కోదాని పక్కన పదికి ఇన్ని అని మార్కులు. దేనికబ్బా ఈ మార్కులు అని అడిగితే, నీళ్ళ రంగుకంట.

డబ్బు యాడిది అంటారేమో. రేణిగుంట ఎయిర్‌పోర్టు పక్కన మా మామ ఎప్పుడో కొని పడేసిన స్థలం అమ్మినాం. అప్పులు కట్టి, మా అమ్మాయి పేరు మీద వెయ్యాల్సింది వేసినాక కోటీ నలభై లక్షలు మిగిలింది. మండీ డబ్బు మాత్రం కాదు. 2025లో తోతాపురి (జ్యూసు ఫ్యాక్టరీలకి పోయే మామిడి) గతి ఏమైందో ఈ పక్క వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీ ఎనిమిది రూపాయలు, గవర్నమెంటు నాలుగు, కలిపి కిలోకి పన్నెండు అన్న సంవత్సరం అది. ఆ డబ్బుతో దీవి కాదు గదా, దోనె కూడా రాదు.

నేను వద్దనే మనిషిని కాదు. నాకూ సముద్రమంటే ఇష్టమే. కానీ ఒక అనుభవం ఉండాది, అది చెప్తేగాని నా ప్రశ్న మీకు అర్థం కాదు.

2018లో హార్స్‌లీ కొండ కింద, అంగళ్ళు దాటినాక, రెండు గదుల ఇల్లు కొన్నాం. హార్స్‌లీ దొర కూడా కడపలో కలెక్టరుగా ఉన్నప్పుడు ఎండ తట్టుకోలేకనే ఆ కొండ మీద బంగళా కట్టుకున్నాడంట, 1870 ఆ ప్రాంతంలో. మాదీ అదే లెక్క, ఎండాకాలం చల్లగా ఉంటుందని. అయితే దొరకి మామిడి మండీ లేదు. ఎండాకాలమే మాకు సీజన్ అని కొనేటప్పుడు ఇద్దరికీ తట్టలేదంటే నమ్మండి! మే, జూన్, జూలై మండీ వదిలి కదలలేము. మేము పోయేది సెప్టెంబర్లోనో డిసెంబర్లోనో. డిసెంబర్లో కొండ కింద ఇల్లు ఎందుకు, చిత్తూరే వణికిస్తుంది.

ఏడేళ్ళలో పదకొండు సార్లు పోయినాం. డైరీ చూసి చెప్తా ఉండాను. పోయిన ప్రతిసారీ మొదటి రోజంతా చేతిలో చీపురే. ఒకసారి బీగం తుప్పు పట్టి బీగంచెవి సగం లోపలే విరిగింది. మదనపల్లె నించి మనిషి వచ్చి కోసేతలికి సాయంత్రం నాలుగు, అంతదాకా అరుగు మీద కూర్చోని తెచ్చుకున్న పులిహోర తిన్నాం. ఇంకోసారి కరెంటు మీటరు డబ్బాలో కందిరీగలు గూడు పెట్టినాయి. స్టవ్ పైపు ఎలుకలు కొరికినాయి. చూసుకునేదానికి పెట్టిన మనిషి నెలకి రెండువేలు తీసుకుంటా, మా వరండాలో వాళ్ళ గొర్రెల్ని తోలినాడు. పోనీలే, మాకంటే ఆ గొర్రెలే ఆ ఇంట్లో ఎక్కువ రోజులు ఉన్నాయి.

ఇది మూడు గంటల దూరంలో ఉండే ఇంటి కథ. సముద్రం అవతల ఉండే ఇంటి గతి ఏంది?

అందుకే నీళ్ళ రంగు సంగతి నేను అడగను. మేము ఆగస్టు పదిహేను తర్వాత నించి ఉగాది దాకా ఖాళీ. అందులో నాలుగైదు వారాలు ఒకే బిగిన ఉండాలని ఆశ. ఆ నెలల్లో వాన పడకుండా ఉండేది యాడ? మేము లేనప్పుడు తలుపు తీసి చూసేది ఎవరు? నిజంగా మన పేరు మీద రిజిస్టర్ అయ్యేది ఏ దేశంలో? మా తర్వాత మా అమ్మాయికి తిప్పలు ఉండకూడదు, ఒక్కతే బిడ్డ. ఇంకోటి, నవ్వొద్దు. ఇడ్లీ పిండి పులిసే ఊరు కావాల. ఈయనకి పొద్దున ఇడ్లీ లేకపోతే ఏ సముద్రమూ కనపడదు.


ఆడిటర్ తిరుపతి

అమ్మా నమస్తే. నేను ఇరవై రెండేళ్ళుగా తిరుపతిలో ఆడిటరుని. దీవుల సంగతి నాకు తెలియదు, డబ్బు దేశం దాటే సంగతి చెబుతాను. మీ ఆయన లిస్టులో అండమాన్ తప్ప మిగతా ఐదూ దాని మీదే నిలబడతాయి.

రిజర్వు బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకి డబ్బు పంపుకునే పథకం) కింద మనిషికి ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్లు బయటికి పంపుకోవచ్చు. ఇల్లు కొనడానికి కూడా. మీరిద్దరు కలిస్తే ఐదు లక్షల డాలర్లు, మీ బడ్జెట్‌కి ఆ పరిమితి అడ్డే కాదు. అడ్డం వచ్చేవి వేరే ఉన్నాయి.

విదేశంలో ఇల్లు కొనడానికి పంపే ఈ డబ్బుకి ఇక్కడి బ్యాంకు అప్పు ఇవ్వకూడదు. "తక్కువ పడితే లోన్ పెడదాంలే" అని మీ ఆయన అంటే అక్కడే ఆపెయ్యండి. ఆ తర్వాత టీసీఎస్, అంటే బ్యాంకు ముందే పట్టుకునే పన్ను. 2025 ఏప్రిల్ నుంచి, ఇలాంటి పనికి మనిషి ఏడాదిలో పంపేది పది లక్షలు దాటితే, దాటిన దాని మీద 20 శాతం బ్యాంకే పట్టుకుని ప్రభుత్వానికి కట్టేస్తుంది. చెరి అరవై లక్షలు పంపారనుకోండి. ఒక్కొక్కరికీ యాభై లక్షల మీద పది లక్షలు, ఇద్దరికీ ఇరవై. ఆ డబ్బు పోదు, రిటర్నులో చూపించి పన్నులో సర్దుకోవచ్చు, మిగిలింది వాపసు వస్తుంది. కానీ పంపే రోజు చేతిలో ఉండి తీరాలి. అంటే మీ కోటీ నలభైలో ఇంటికి వెళ్ళేది కోటీ ఇరవై. అందులోనే అక్కడి రిజిస్ట్రేషను, నోటరీ, మీ విమానాలు, పరుపులు, గిన్నెలు.

కొన్నాక ఏటా ఐటీఆర్‌లో షెడ్యూల్ ఎఫ్ఏ (విదేశీ ఆస్తుల పట్టిక) నింపాలి. ఒకటో నంబరు, నాలుగో నంబరు ఫారాలు ఇక మీకు పనికిరావు. అద్దె వస్తే ఇక్కడా చూపాలి. "చిన్న ఫ్లాటే కదా సార్" అని రాయకుండా వదిలేసిన ఒకాయన ఫైలు ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. 2015 నల్లధనం చట్టం కింద ఆస్తి చూపనందుకు పది లక్షల జరిమానా నోటీసు. ఆ ఫ్లాటు కొన్న డబ్బు అణా పైసలతో సహా తెల్లడబ్బే, పాపం.


తడ ప్యాసింజర్

ఇంత దూరం ఎందుకక్కా. పులికాట్‌లో ఇరకం దీవి ఉంది, మన తిరుపతి జిల్లాయే, తడ మండలం. పడవెక్కితే చాలు, వీసా లేదు, టీసీఎస్ లేదు. చలికాలం ఫ్లెమింగోలు ఫ్రీ. శ్రీహరికోట కూడా దీవే, కాకపోతే అక్కడ ఇల్లు కావాలంటే రాకెట్ చెయ్యడం రావాలి.


మండీ అక్క

తడ ప్యాసింజరన్నా, చదివి వినిపించినాను. "నేలపట్టు పోయినప్పుడు చూసినాంలే, మోకాటి లోతు లేదు, నీళ్ళ రంగుకి రెండు మార్కులు" అన్నాడు. కొంగలకి మార్కులు వెయ్యలేదు.

ఆడిటర్ సార్, మీరు చెప్పినాక క్యాలెండర్ మీద కోటీ నలభై కొట్టేసి కోటీ ఇరవై అని రాసినాను. ఆయన నోట లోన్ మాట నిన్ననే వచ్చింది సార్, మీకెట్ల తెలిసింది?


కాళహస్తి నుంచి కాలాపానీ

అక్కా, మాది శ్రీకాళహస్తి. పోర్ట్ బ్లెయిర్‌లో తొమ్మిదేళ్ళు ప్లంబింగు, ఏసీ పనులు చేయించాను. 2024 సెప్టెంబర్ నుంచి ఆ ఊరి పేరు శ్రీ విజయపురం. నా నోటికి మాత్రం ఇంకా పాతదే వస్తుంది.

ముందు మంచి చెప్తాను. చెన్నైలో విమానం ఎక్కితే రెండుంబావు గంటలు. మన రూపాయి, మన రిజిస్ట్రారు. తెలుగుకి లోటే లేదు, చేపల మార్కెట్లో సగం బేరాలు శ్రీకాకుళం యాసలో నడుస్తాయి. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక నెట్ కూడా బాగుపడింది. మీ ఇడ్లీ పిండి అక్కడ పులవడం కాదు, గిన్నె దాటి పొయ్యి మీదకి వస్తుంది.

ఇప్పుడు మీరు అడిగిన అసలు సంగతి, మూసిన ఇల్లు. చెన్నై ఆయన ఒకరు వండూర్ వైపు ఇల్లు కట్టుకుని మార్చిలో తాళం వేసి పోయారు. సెప్టెంబర్లో వస్తున్నాం, ఏసీ చూడు అని ఫోన్ చేస్తే నేను పోయి తలుపు తీశాను. బయట యూనిట్‌కి అల్యూమినియం రెక్కలు ఉంటాయి కదా, వాటిని వేలితో తాకితే విభూతిలా రాలిపోయాయి. కర్టెన్ రాడ్డు తుప్పు గుడ్డ మీదకి దిగి గోధుమరంగు చారలు. అల్మరాలో తోలు చెప్పులకి ఆకుపచ్చ బూజు. ఫ్రిజ్ ఆఫ్ చేసి తలుపు గట్టిగా మూసి పోయారు, అదే పెద్ద తప్పు, లోపలంతా నల్లగా పట్టేసి ఆ వాసన నా చొక్కాకి రెండు రోజులు పోలేదు. ఫ్రిజ్ తలుపుకి మధ్యలో గుడ్డ మడిచి పెట్టి పోవాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఉప్పుగాలిలో మామూలు స్టీలు బందులు రెండు వానాకాలాలు కూడా ఆగవు. 304 గ్రేడు అని అమ్మేది కూడా చాలదు, 316 అడగాలి, లేదంటే ఇత్తడి. సిమెంటు, ఇనుము, ఆఖరికి కమోడ్ కూడా ఓడలో రావాల్సిందే. చిన్న వాషర్ కోసం నేను పన్నెండు రోజులు ఆగిన సందర్భం ఉంది. కాబట్టి పది పదిహేను రోజులకి ఒకసారి కిటికీలు తెరిచి, ఫ్యాన్లు తిప్పి, కుళాయిలు వదిలే మనిషి లేకుండా అక్కడ ఇల్లు పెట్టుకోవద్దు. ఆ మనిషికి మంచి జీతం ఇవ్వండి. గొర్రెలు లేవులెండి అక్కడ, మేకలు ఉన్నాయి.

వాన సంగతి. మే నుంచి నైరుతి, అది పోయిందో లేదో ఈశాన్యం, డిసెంబర్ దాకా. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్లు, అంటే తిరుపతికి దాదాపు మూడింతలు. మీ లెక్కకి జనవరి, ఫిబ్రవరి, మార్చి బాగుంటాయి. ఇన్ని వానలు పడినా ఎండాకాలం వస్తే కుళాయి రోజూ రాదు, సంపు పెద్దది కట్టుకోవాలి. ఇంకో వింత, గడియారం మన దేశానిదే గాని సూర్యుడు తూర్పువాడు. డిసెంబర్లో సాయంత్రం ఐదింటికే పొద్దు మునుగుతుంది. మొదటి నెల నాకు పిచ్చెక్కింది.

కాగితం సంగతి జాగ్రత్త. 1966 భూ నిబంధనల ప్రకారం అక్కడ నేలంతా కేంద్ర ప్రభుత్వానిదే. మనుషులకి ఉండేవి హక్కుల్లో రకాలు, ఆక్యుపెన్సీ టెనెంటు, గ్రాంటీ, లైసెన్సీ అని. "సీ వ్యూ ప్లాట్" అని చూపించేది కాగితంలో కొబ్బరితోటో వరిపొలమో అయి ఉండొచ్చు. తహసీల్దారు ఆఫీసులో రికార్డు మీ కళ్ళతో చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. సిప్పీఘాట్ వైపు ఒకసారి తిరిగి రండి. 2004 డిసెంబర్ 26 భూకంపానికి అక్కడ నేల దాదాపు మీటరు కుంగింది, అంతకుముందు వరి పండిన మళ్ళలోకి సముద్రం వచ్చింది, మళ్ళీ పోలేదు. పట్టా ఉన్నవాళ్ళ పొలాలే అవి.

మీ ఆయనకి లక్షద్వీప్ ఆలోచన వస్తే ముందే చెప్పండి, అక్కడ అడుగు పెట్టడానికే పర్మిట్ కావాలి, భూమి బయటివాళ్ళకి దక్కదు.


బెంగళూరు చిత్తూరోడు

లిస్టులో నాలుగింటి సంగతి నేను చెప్తా, అందులో రెండు కొట్టేస్తా.

మాల్దీవులు: విదేశీయుడికి భూమి అమ్మరు. 2015లో రాజ్యాంగం సవరించి తలుపు కాస్త తీసినప్పుడు పెట్టిన షరతు వంద కోట్ల డాలర్ల పెట్టుబడి. వంద కోట్ల రూపాయలు కాదు పెద్దమ్మా, డాలర్లు.

బాలి: హక్ మిలిక్ అనే పూర్తి హక్కు ఇండోనేషియా పౌరులకే. మనకి వచ్చేది లీజు, లేకపోతే హక్ పకాయ్ అనే వాడుకునే హక్కు. "మా మనిషి పేరు మీద రాయించి మీకు అగ్రిమెంట్ ఇస్తాం" అని చెప్పేవాళ్ళు దొరుకుతారు, అది అక్కడి చట్టం ముందు చెల్లదు. నా రూమ్మేటు అట్లనే ఇచ్చాడు. ఆ "మా మనిషి" చనిపోయాక అతని అన్నదమ్ములు వచ్చి ఇల్లు చూసి చాలా బాగుంది అన్నారంట. అంతే, ఇప్పుడు వాళ్ళే ఉంటున్నారు.

ఫుకెట్: నేల కొనలేరు, కాండో (అపార్ట్‌మెంట్ ఫ్లాటు) కొనొచ్చు. బిల్డింగులో అమ్మకానికి ఉండే విస్తీర్ణంలో 49 శాతం దాకే విదేశీయులకి, డబ్బు బయటి కరెన్సీలో వచ్చినట్టు బ్యాంకు కాగితం ఉండాలి. ఇది నిజాయితీగా మీ పేరు మీద వస్తుంది. నవంబర్ నుంచి ఏప్రిల్ వాన తక్కువ, మీకు కుదిరే నెలలే. దీన్ని పూర్తిగా కొట్టెయ్యలేను. కానీ ఆ నెలలే అక్కడ పీక్ సీజన్, ఇంటి ముందు రోడ్డు దాటడానికి మీకు పావుగంట పడుతుంది.

శ్రీలంక నాకు ఇష్టం. చెన్నై నుంచి గంటన్నర కూడా కాదు, కూరాకు కొబ్బరి అన్నీ మనవే. అయితే 2014 చట్టం విదేశీయులకి నేల అమ్మకాన్ని ఆపేసింది. 99 ఏళ్ళ లీజు, లేదా అపార్ట్‌మెంట్లో ఫ్లాటు. పై అంతస్తు తీసుకుంటే సముద్రం ఇంకా బాగా కనపడుతుంది అనుకోండి. దక్షిణ తీరంలో గాల్ వైపు డిసెంబర్ నుంచి మార్చి దాకా ఎండ.


ఎబెన్ రిటర్న్

అక్కా, నేను పీలేరు. ఐటీ ఉద్యోగం మీద రెండేళ్ళు మారిషస్‌లో ఎబెన్‌లో ఉన్నాను. మీ నెలల లెక్క చూడంగానే రాయాలనిపించింది, ఎందుకంటే అది భూమధ్యరేఖకి కింద ఉంది, రుతువులు మనకి తలకిందులు. మీరు మండీ మూసే ఆగస్టుకి అక్కడ చలికాలం అయిపోవస్తూ ఉంటుంది. సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్ పొడిగా, హాయిగా ఉంటాయి. జనవరి నుంచి మార్చి తుపాన్లు, ఆ నెలల్లో పోవద్దు. 1960లో కెరోల్ తుపాను వేల ఇళ్ళు ఎగరగొట్టినాకనే జనం కాంక్రీటు ఇళ్ళకి మారినారు. అందుకే అక్కడి వీధులు చూస్తే మన చిత్తూరు డాబాల మాదిరే ఉంటాయి, పైన ఇనుప చువ్వలు వదిలేయడంతో సహా.

దీవి చిన్నది, పాత చిత్తూరు జిల్లాలో ఏడో వంతు కూడా ఉండదు. కానీ మడమ తిప్పితే వాతావరణం మారుతుంది. ఆగస్టులో ఆగ్నేయం గాలి తూర్పు తీరాన్ని చెంపలు వాయించినట్టు కొడుతుంది. మధ్యలో క్యూర్‌పీప్ అని ఎత్తు మీద ఊరు, రోజంతా తుంపర, నేను మొదట అక్కడ అద్దెకి దిగి ఆరు నెలలు స్వెటర్ విప్పలేదు. అదే రోజు ముప్పావు గంట కారులో పడమర దిగితే ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌లో ఫెళఫెళ ఎండ. ఉత్తరాన గ్రాండ్ బే కూడా అంతే. కాబట్టి దీవి ఏదని కాదు, దీవిలో ఏ పక్కని అని అడగండి.

కొనడం. విదేశీయులకి రెండు దారులు. ప్రభుత్వం ఒప్పుకున్న పీడీఎస్ (ప్రాపర్టీ డెవలప్‌మెంట్ స్కీము), స్మార్ట్ సిటీ లాంటి స్కీముల్లో విల్లాలు ఉంటాయి. మూడు లక్షల డెబ్బై ఐదు వేల డాలర్లు పెడితే నివాస అనుమతి కూడా వస్తుంది, అది మన డబ్బులో మూడు కోట్లు దాటుతుంది, వదిలెయ్యండి. రెండోది, కింద అంతస్తు గాక పైన కనీసం రెండు అంతస్తులు ఉన్న బిల్డింగులో ఫ్లాటు, ధర అరవై లక్షల మారిషస్ రూపాయలకి తగ్గకూడదు. అది మన రూపాయల్లో కోటీ పదిహేను లక్షల చుట్టుపక్కల. ఫ్లాటు పూర్తిగా మీ పేరు మీద వస్తుంది. దస్తావేజు నోటరీ రాస్తాడు, ఫ్రెంచిలో. మన ఊర్లో స్టాంపు కొట్టి యాభై రూపాయలు తీసుకునే నోటరీ అనుకోకండి, అక్కడ ఆయనే సగం రిజిస్ట్రారు. సముద్రం ఒడ్డునే ఉండే బంగళాలు చూసి మోసపోవద్దు. ఒడ్డు నుంచి 81 మీటర్ల పైచిలుకు నేల ప్రభుత్వానిది, పా జియోమెట్రిక్ అంటారు, అక్కడివి చాలావరకు లీజు ఇళ్ళు.

తలుపు ఎవరు తీస్తారు అన్నారు. ఫ్లాటు అయితే సిండిక్ అని ఉంటుంది, మన అసోసియేషన్ లాంటిదే కానీ కొంచెం పళ్ళున్నది. నెల నెలా కట్టాలి. తాళాలు వాళ్ళ దగ్గరే పెట్టి, కిటికీలు తెరిచి తుడిచే మనిషిని విడిగా మాట్లాడుకుంటారు. వారసత్వం ఫ్రెంచి పద్ధతి, పిల్లల వాటా చట్టమే కాపాడుతుంది, మీకు ఒక్కతే అమ్మాయి కాబట్టి చిక్కు తక్కువ. అయినా విల్లు ఇక్కడ రాసినా అక్కడి నోటరీకి ఒకసారి చూపించండి.

తెలుగువాళ్ళ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పంతొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల కూలికి పోయినవాళ్ళ వారసులు. కోరంగి రేవులో ఎక్కినారు గాబట్టి కొరింగీలు అనే పేరు పడింది. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. నా పక్క వాటాలో పెద్దాయన మాట్లాడేది క్రియోల్ (అక్కడి వాడుక భాష), నాతో తెలుగులో రెండు ముక్కలు కూడా కష్టమే. కానీ రామభజనంలో కూర్చుంటే రాత్రి పది దాకా ఒక్క పల్లవి తప్పేవాడు కాదు. నేను తిరుపతి నుంచి లడ్డు తెచ్చి ఇస్తే గుడ్డ పరిచి, మునివేళ్ళతో చిదిపి, పదమూడు కుటుంబాలకి పంచినాడు. నాకు మిగిలింది ఒక జీడిపప్పు.


మండీ అక్క

ఎబెన్ తమ్ముడూ, నీ రాతంతా గట్టిగా చదివినాను. పదమూడు కుటుంబాల దగ్గర మా ఆయన ఫోన్ పక్కన పెట్టేసినాడు. మారిషస్‌కి నీళ్ళ రంగుకి ఏడున్నర ఉన్నది తొమ్మిది చేసినాడు. నీళ్ళు ఎప్పుడు మారినాయో నాకు తెలీదు.

కాళహస్తి అన్నా, నువ్వు చెప్పింది చదివినాక ఆదివారం హార్స్‌లీ కింద ఇంటికి పోయి ఫ్రిజ్ తెరిచినాను. అంతే ఉంది. గుడ్డ మడిచి పెట్టి వచ్చినాను, ఇప్పుడు పెట్టి ఏం లాభం!

ఇంక లెక్క. ఇది నా పని గాబట్టి రాత్రి కూర్చోని వేసినాను. ఫ్లాటు కోటీ పదిహేను, టీసీఎస్‌కి పక్కన పెట్టాల్సింది దగ్గర దగ్గర పంతొమ్మిది. కోటీ ముప్పై నాలుగు. మిగిలే ఆరు లక్షల్లో అక్కడి రిజిస్ట్రేషను, నోటరీ, ఇద్దరికీ విమానాలు, సిండిక్, తుడిచే మనిషి. సరిపోదు. సరిపోయిందనే అనుకుందాం, అదే కోటీ నలభై బ్యాంకులో ఆరున్నర శాతానికి వేసినా ఏడాదికి తొమ్మిది లక్షల పదివేలు వడ్డీ. ఏడాదికి ఐదు వారాలు ఉండేదానికి తొమ్మిది లక్షలు వదులుకోవాల. హార్స్‌లీ ఇంటికీ ఇట్లనే వేసి చూసినాను. ఏడేళ్ళ వడ్డీ, జీతం, రిపేర్లు, మేము పడుకున్న రాత్రులు ఇరవై ఏడు. రాత్రికి ఎంత పడిందో ఇక్కడ రాయను, మా మామ కూడా ఈ గ్రూపులో ఉండాడు.

పేపరు మా ఆయన ముందర పెట్టినాను. చాలాసేపు చూసి, "అయితే దీవి వద్దంటావా" అన్నాడు. వద్దనలేదు, సెప్టెంబర్లో నాలుగు వారాలు ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌లో అద్దెకి ఉందాం, మీకు అక్కడ పొద్దుపోతుందో లేదో చూద్దాం అన్నాను. ఆ మరుసటి ఏడు జనవరిలో అండమాన్, అదీ అద్దెకే. అప్పుడు కూడా కొనాలనిపిస్తే ఆడిటర్ సార్ ఆఫీసుకి వస్తాం. కాసేపు అలిగినాడు. పొద్దున చూస్తే క్యాలెండర్ మీద ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ అని రాసి, స్పెల్లింగ్ రాక రెండుసార్లు కొట్టేసి ఉండాది. అంతే మేలు.

హార్స్‌లీ ఇల్లు ఆ గొర్రెలాయనకే నెలకి మూడువేల అయిదువందలకి అద్దెకిచ్చినాం. ఇన్నాళ్ళూ మేమే ఆయనకి రెండువేలు ఇస్తా ఉంటిమి.

తమ్ముడూ, రెండు చిన్న మాటలు. మా టేబుల్‌టాప్ గ్రైండరు మోసుకొస్తే అక్కడ ప్లగ్గు పడుతుందా? సెప్టెంబర్లో పిండి పులుస్తుందా?


ఎబెన్ రిటర్న్

కరెంటు మనలాగే 230 వోల్టులే అక్కా, గ్రైండరు తిరుగుతుంది. ప్లగ్గు మాత్రం పడదు. అక్కడ ఇంగ్లండు వాళ్ళ మూడు చదరపు కాళ్ళది, కొన్ని ఇళ్ళలో రెండు గుండ్రటి కాళ్ళది. అడాప్టరు చెన్నైలోనే కొనుక్కోండి. అయినా గ్రైండరు ఎందుకు, మిక్సీ చాలు, రాయి బరువుకి విమానంలో కట్టే డబ్బుతో నెల రోజులు ఇడ్లీ కొనుక్కోవచ్చు. మినప్పప్పు అక్కడ దొరుకుతుంది.

పిండి సెప్టెంబర్లో రాత్రికి రాత్రి పొంగదు, చల్లగా ఉంటుంది. సాయంత్రం నాలుగింటికే రుబ్బి, ఓవెన్‌లో పెట్టి లోపలి లైటు మాత్రం వేసి వదిలెయ్యండి. నేను క్యూర్‌పీప్‌లో అట్లనే చేసేవాణ్ణి, అక్కడైతే పొద్దున తొమ్మిదికి గాని వచ్చేది కాదు. ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌లో ఏడింటికి వస్తుంది. అన్నకి అంతదాకా కాఫీ ఇచ్చి ఒడ్డుకి పంపండి.